జీడిపువ్వు ఫోకస్ స్టాకింగ్: కేసరం చుట్టూ పొగలాంటి అంచు, రెండేసి కేసరాలు. ఏం చెయ్యాలి?

జీడితోట (కవిటి)

అందరికీ నమస్తే. మాది ఉద్దానం, కవిటి దగ్గర. ఇప్పుడు తోటలో పూత బాగా ఉంది. 2018లో తిత్లీ తుఫానుకి పాత చెట్లు పోయాక నాటినవి కాబట్టి కొమ్మలు ఇంకా కిందికే ఉన్నాయి, స్టూలు అక్కర్లేకుండానే గుత్తులు కెమెరాకి అందుతున్నాయి. జీడిపువ్వుని దగ్గరగా చూసినవాళ్లు తక్కువ అనుకుంటా. సెంటీమీటరు అటూ ఇటూ ఉంటుంది, ఐదు సన్న రేకులు వెనక్కి తిరిగి ఉంటాయి, వాటి మీద ఎర్రటి గీతలు, మధ్యలోంచి ఒకే ఒక్క పొడవాటి కేసరం ముందుకి పొడుచుకొస్తుంది, మిగతా కేసరాలు పొట్టివి. ఆ పొడవు కేసరం దగ్గర్నుంచి వెనక రేకు చివరి దాకా అన్నీ స్పష్టంగా రావాలని నా ఆశ.

కెమెరా నికాన్ డి5600, లెన్స్ టామ్రాన్ 90 మాక్రో. ట్రైపాడ్ మీద పెట్టి ఫోకస్ రింగు చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ పది పన్నెండు ఫ్రేములు తీసి ఫోటోషాప్‌లో ఆటో అలైన్, ఆటో బ్లెండ్‌తో అన్నిట్లో స్పష్టంగా ఉన్న భాగాలు కలిపి ఒకే ఫోటో చేస్తున్నా, అదే ఫోకస్ స్టాకింగ్. వస్తున్నదేంటంటే కేసరం చుట్టూ పొగలాంటి తెల్లటి అంచు, కొన్నిసార్లు ఒకే కేసరం రెండుగా కనిపించడం, రేకుల మీద మధ్యమధ్యలో మసక పట్టీలు. లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి, ఎఫ్/22 పెట్టి ఒక్కటే ఫోటో తీసుకో, ఈ గొడవంతా ఎందుకు అని ఒకాయన అన్నారు, అలా తీస్తే ఫోటో మొత్తం మెత్తగా వస్తోంది. ఏటి చెయ్యమంటారు?

మాక్రో మావ (విజయనగరం)

తమ్ముడూ, నువ్వు రాసినవి మూడు వేరువేరు సమస్యలు, మూడింటికీ మందు ఒకటి కాదు.

కేసరం రెండుగా వస్తోందంటే గాలి. ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య పువ్వు కదిలింది. సాఫ్ట్‌వేర్ ఫ్రేము మొత్తాన్ని జరిపి, సైజు సరిచేసి సర్దగలదు గానీ, రేకులు ఉన్నచోటే ఉండి కేసరం ఒక్కటే ఊగితే దాన్ని ఎక్కడికి జరపాలో దానికి తెలీదు. అందుకే రెండూ ఉంచేస్తుంది.

మసక పట్టీలు వస్తున్నాయంటే రింగు మరీ ఎక్కువ తిప్పేస్తున్నావు. ఒక ఫ్రేములో స్పష్టంగా ఉన్న భాగం అయిపోకముందే రెండోది మొదలవ్వాలి, పెంకుటింటి పెంకుల్లాగా ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. మూడోవంతు ఎక్కితే నిశ్చింత. మధ్యలో ఒక్క ఖాళీ పడ్డా దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ నింపలేదు.

పొగ అంచు మాత్రం ఇవి రెండూ సరిచేసినా పూర్తిగా పోదు. కేసరం మీద ఫోకస్ ఉన్నప్పుడు వెనక రేకు మసక. వెనక రేకు మీద ఫోకస్ ఉన్నప్పుడు ముందున్న కేసరం ఉబ్బిపోయి పెద్ద మసక మరకలా మారి, తన చుట్టూ ఉన్న రేకుని కప్పేస్తుంది. అంటే కేసరాన్ని ఆనుకుని ఉన్న ఆ సన్నటి జాగాలో రేకు ఏ ఫ్రేములోనూ స్పష్టంగా లేదు. లేని సమాచారాన్ని సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి తెస్తుంది? ముందుదానికీ వెనకదానికీ దూరం ఎంత ఎక్కువుంటే ఆ అంచు అంత వెడల్పు.

బారువ గాలి (బారువ)

గాలి సంగతి నేను చెప్తా, మీ ఊరూ మా ఊరూ ఒకే తీరం కదా. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రం మీంచి గాలి మొదలైపోతుంది, ఆ తర్వాత మాక్రో అనే మాట మర్చిపోవాలి. రాత్రంతా భూమి మీంచి సముద్రం వైపు వీచే గాలి తెల్లారేసరికి సన్నగిల్లుతుంది, సూర్యుడు వచ్చాక కూడా కాసేపు ఆకు కదలదు. నీకు దొరికే టైము అదే. మాఘమాసం పొద్దున్న మంచుబొట్లు కూడా ఫ్రీగా వస్తాయి.

జీడితోట (కవిటి)

ఆ టైముకే వెళ్తున్నా అన్నా, కానీ వెలుతురు చాలదు. ఐఎస్ఓ 100లో షట్టర్ అర సెకనుకి పోతోంది, ఆకు కదలదు అనుకుంటాం గానీ 1:1లో (పువ్వు తన అసలు సైజులోనే సెన్సారు మీద పడేంత దగ్గరగా) లైవ్ వ్యూ జూమ్ చేసి చూస్తే పువ్వు ఊగుతూనే ఉంటుంది. ఫ్లాష్ వేస్తే గాలి సమస్య తీరుతుందా?

నాగావళి (శ్రీకాకుళం)

సగమే తీరుతుంది. ఫ్లాష్ పవర్ తగ్గించేకొద్దీ ఆ మెరుపు నిడివి తగ్గుతుంది, 1/16, 1/32 పవర్‌లో పెడితే సెకనులో కొన్ని వేల వంతు మాత్రమే వెలుగుతుంది కాబట్టి ప్రతి ఫ్రేమూ విడిగా చూస్తే కత్తిలా ఉంటుంది. కానీ ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య పువ్వు చోటు మారితే ఫ్లాష్ ఏం చేస్తుంది? మావ చెప్పిన డబుల్ కేసరం అలాగే వస్తుంది, కాకపోతే ఈసారి రెండూ షార్ప్‌గా వస్తాయి :)

ముందు కాడని ఆపు. వెదురు పుల్ల నేలలో గుచ్చి, బట్టల క్లిప్పుతో కాడని పట్టించు, క్లిప్పు పళ్ల మధ్య మెత్తటి స్పాంజి ముక్క పెట్టు. చాలామంది ఆ పుల్లని ట్రైపాడ్ కాలికే కట్టేస్తారు, అది వద్దు, కొమ్మ వణికితే ఆ వణుకంతా కెమెరాకి ఎక్కుతుంది. గాలి వచ్చే వైపు థర్మాకోల్ షీటు అడ్డం పెట్టు, అదే రిఫ్లెక్టర్‌గానూ పనికొస్తుంది. ఐఎస్ఓ 100 దగ్గరే కూర్చోకు, 400కి వెళ్లు, నీ కెమెరా అంతమాత్రానికి ఏమీ పాడైపోదు.

తుమ్మిపువ్వు (విజయనగరం)

నేను బోటనీ చెప్తాను, పాఠాల కోసం పూలు స్టాక్ చేస్తుంటాను కాబట్టి ఒక మాట. గుత్తి కోయాలంటే మీ ఇంట్లో ఒప్పుకోరు, అది సహజమే. కానీ జీడిగుత్తిలో ఎక్కువ భాగం మగపూలే, పిక్క కట్టేది కొన్ని ద్విలింగ పూలు మాత్రమే. మగపూలు ఎలాగూ రాలిపోతాయి. చెట్టు కింద తెల్లగుడ్డ పరిచి ఉంచండి, అప్పుడే రాలిన తాజా పువ్వు తీసుకుని తొడిమ దగ్గర సన్న గుండుసూదికి గుచ్చి, ఆ సూదిని థర్మాకోల్‌లో నిలబెట్టి ఇంట్లో ఫ్యాన్ ఆపి తీయండి. గాలి అన్న సమస్యే ఉండదు.

ఒక్కటి గుర్తుంచుకోండి, రాలిన పువ్వు త్వరగా వాడిపోతుంది, వేడి లైటు పెడితే మరీను. రేకు ముడుచుకుంటున్నప్పుడు స్టాక్ తీస్తే గాలిలో తీసినట్టే ఉంటుంది. మల్లెమొగ్గతో కూడా ఇదే తంటా, సాయంత్రం అది విచ్చుకుంటూ ఉంటే మొదటి ఫ్రేములోని రేకు చివరి ఫ్రేముకి ఇంకోచోట ఉంటుంది. అన్నీ రెడీగా పెట్టుకుని, ఫ్రేమింగ్ వేరే పువ్వుతో చూసుకుని, ఆఖర్న తాజా పువ్వు పెట్టాలి.

ఇంకోటి, తెరిచిన పూలన్నీ ఒకటి కాదు. మీ ఫోటోలో పొడవు కేసరంతో పాటు మధ్యలో అండాశయం మీంచి కీలం (ఆడభాగం కాడ) కూడా లేచి కనబడితే అది ద్విలింగ పువ్వు. రెండూ పక్కపక్కన స్టాక్ చేసి పెడితే మా పిల్లలకి చూపిస్తాను.

జీడితోట (కవిటి)

మేడమ్, ఇన్నాళ్లూ తోటలో తిరుగుతూ ఈ మాట తెలీదు. రాలినవి తెగ ఉంటాయి చెట్టు కింద, రేపే చూస్తా. ఎఫ్ సంగతి ఎవరైనా చెప్పండి, ఎఫ్/22లో ఎందుకు మెత్తగా వస్తోంది?

మాక్రో మావ (విజయనగరం)

రంధ్రం చిన్నదయ్యేకొద్దీ వెలుగు అంచుల దగ్గర వంగి చెదురుతుంది, అదే డిఫ్రాక్షన్. మామూలు దూరంలో ఎఫ్/11 దాకా పెద్దగా తెలీదు. మాక్రోలో చిక్కేంటంటే మనం పెట్టిన ఎఫ్ అసలు ఎఫ్ కాదు. మాగ్నిఫికేషన్‌కి (బొమ్మ అసలు సైజుకి ఎన్ని రెట్లో దానికి) ఒకటి కలిపి, వచ్చినదాంతో పెట్టిన నంబరుని గుణించాలి. 1:1లో అది రెండింతలు. ఎఫ్/8 అంటే పనిలో ఎఫ్/16, ఎఫ్/22 అంటే ఎఫ్/44. లోపలే ఫోకస్ అయ్యే లెన్సుల్లో ఇది కొంచెం అటూ ఇటూ ఉంటుంది గానీ లెక్క ఇదే. నీది నికాన్ బాడీ కదా, లెన్స్ పూర్తిగా తెరిచి దూరంగా ఫోకస్ చేసి నెమ్మదిగా దగ్గరికి తెచ్చి చూడు, స్క్రీన్ మీద 2.8 కాస్తా దానంతటదే పెరుగుతుంది. నికాన్ అసలు విలువ చూపిస్తుంది, కెనాన్‌లో పెట్టిందే కనిపిస్తుంది, అందుకే ఇద్దరూ ఒకే నంబరు చెప్పుకుని వాదించుకుంటుంటారు.

కాబట్టి స్టాక్‌కి లెన్స్ బాగా పనిచేసే అపర్చర్ (రంధ్రం సైజు), కెనాన్ లెక్కలో ఎఫ్/5.6 దగ్గర పెట్టుకో, నీ స్క్రీన్ మీద 1:1లో ఎఫ్/11 చుట్టుపక్కల కనిపిస్తుంది. లోతు ఫ్రేముల సంఖ్యతో వస్తుంది, ఎఫ్‌తో కాదు.

తుమ్మిపువ్వు (విజయనగరం)

నంబర్లు కావాలంటే ఇదిగో. మీ కెమెరాలో ఉండే ఏపీఎస్‌సీ సైజు సెన్సారుకి, పెట్టిన ఎఫ్/8 దగ్గర, స్పష్టంగా కనిపించే మందం 1:1లో సుమారు 0.64 మి.మీ., సగం సైజులో అయితే దాదాపు 1.9 మి.మీ., రెండింతల సైజులో పావు మిల్లీమీటరు కూడా ఉండదు. ఎఫ్/5.6కి వస్తే 1:1లో 0.45 మి.మీ. మూడోవంతు ఒకదాని మీద ఒకటి ఎక్కాలంటే అడుగు 0.3 మి.మీ. వేసుకోండి. జీడిపువ్వు ముందునుంచి వెనక్కి ఎనిమిది మిల్లీమీటర్లు అనుకుంటే దాదాపు ఇరవై ఏడు ఫ్రేములు. మీరు తీస్తున్న పది పన్నెండుకి పట్టీలు రాక ఏమవుతాయి.

ఇవి మామూలు ప్రింటు సైజుకి సరిపోయే లెక్కలు. కంప్యూటర్‌లో వంద శాతం జూమ్ చేసి చూసే అలవాటుంటే అడుగు సగం చేసుకోండి.

పాత స్టూడియో (బొబ్బిలి)

నాకు ఒక అనుమానం, కోపం తెచ్చుకోకండి. పువ్వు ముక్కు నుంచి తోక దాకా అన్నీ షార్ప్‌గా ఉంటే అది పాఠ్యపుస్తకం బొమ్మలా ఉంటుంది గానీ ఫోటోలా ఉండదు. రీలు రోజుల్లో మేం కెమెరాని పువ్వుకి సమాంతరంగా పెట్టి, ఏది ముఖ్యమో దాని మీద ఫోకస్ చేసి వదిలేసేవాళ్లం, మిగతాది మెత్తగా కరిగిపోయేది. అందం అక్కడుంది. మందారం అయితే పక్కనుంచి తీయండి, కేసరాల కాడ మొత్తం ఒకే తలంలో ఉంటుంది, ఒక్క క్లిక్‌తో అయిపోతుంది, ఇరవై ఏడు క్లిక్కులు ఎందుకు?

నాగావళి (శ్రీకాకుళం)

గురువు గారూ, మందారం పక్కనుంచి సంగతి వంద శాతం ఒప్పుకుంటా, కోణం మార్చితే పోయేదానికి స్టాక్ అక్కర్లేదు. కానీ అత్తిపత్తి పువ్వు తీయండి, గులాబీరంగు బంతి, ఏ వైపునుంచి చూసినా గుండ్రమే. దానికి సమాంతరం ఏది?

మాక్రో మావ (విజయనగరం)

గురువు గారూ, మీరన్నది సగం నిజం, నేను కూడా అన్నీ షార్ప్‌గా ఉన్న ఫోటోలు చూసి విసిగిపోయా. కానీ స్టాక్ అంటే అన్నీ షార్ప్ చెయ్యడం అని ఎవరన్నారు? ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో నేను చెప్పేది స్టాక్. ఒక్క ఫోటోలో ఆ హక్కు నాకు లేదు. ఎఫ్/16 పెడితే పువ్వులో ముప్పావువంతు వస్తుంది, దాంతోపాటు వెనకున్న ఎండు పుల్లలు, నేల మీద ఆకులు కూడా సగం సగం తేలి చిరాకు పెడతాయి. ఎఫ్/4లో నలభై ఫ్రేములు తీసి కలిపితే పువ్వు మొత్తం వస్తుంది, వెనకదంతా ఎఫ్/4లో ఎలా ఉంటుందో అలాగే పచ్చగా కరిగి ఉంటుంది. ఇది ఏ ఒక్క క్లిక్కుతోనూ రాదు.

ఇంకా ఒక పని చెయ్యొచ్చు. నలభై తీసినా కలిపేటప్పుడు మొదటి పాతికే తీసుకోండి, వెనక రేకులు నెమ్మదిగా మసకలోకి జారిపోతాయి. మీకు కావాల్సిన మెత్తదనం, మన జీడితోట తమ్ముడికి కావాల్సిన కేసరం, రెండూ ఉంటాయి. పైగా అలా ఆపితే కేసరానికీ వెనక రేకుకీ మధ్య వచ్చే పొగ అంచు కూడా చాలావరకు మాయం, ఎందుకంటే వెనక రేకు షార్ప్‌గా ఉన్న ఫ్రేములే వాడలేదు. జీడితోట తమ్ముడూ, నీ సమస్యకి సగం జవాబు ఇదే.

పాత స్టూడియో (బొబ్బిలి)

మధ్యలో ఆపడం అన్నది బాగుంది. అది నాకు తట్టలేదు. చేసి చూస్తా, మా అబ్బాయి దగ్గర ఆ సాఫ్ట్‌వేర్ ఏదో ఉంది.

ఖాళీ పర్సు (నెల్లిమర్ల)

అన్నలూ, అక్కలూ, మాక్రో లెన్స్ కొనే డబ్బుల్లేవు. పాత కెనాన్ 700డి, 18-55, 50 ఎంఎం 1.8 లెన్సులు ఉన్నాయి. ఫోన్ కూడా ఉంది. ఏదైనా దారి ఉందా? కెమెరాని ముందుకీ వెనక్కీ జరిపే రైలు కొనుక్కోమని ఒకరు, ఫోకస్ రింగు చాలని ఒకరు.

నాగావళి (శ్రీకాకుళం)

50కి ఎక్స్‌టెన్షన్ ట్యూబులు వెయ్యి, కెమెరాకీ లెన్స్‌కీ మధ్య బిగించే ఖాళీ గొట్టాలు. 25 ఎంఎం ట్యూబు పెడితే సగం సైజు అదనంగా వస్తుంది, ట్యూబు మొత్తం 50 ఎంఎం అయితే 1:1. లోపల గాజు ఉండదు కాబట్టి చవకవైనా నాణ్యత పోదు, కాకపోతే ఎలక్ట్రానిక్ కాంటాక్టులు ఉన్నవే తీసుకో, లేకపోతే అపర్చర్ మార్చలేవు, కెమెరాతో ఆటోఫోకస్ నడిపించలేవు. ట్యూబు బదులు లెన్స్ ముందు భూతద్దంలా బిగించే రేనాక్స్ డీసీఆర్ 250 కూడా మంచిదే, పవరు 8 డయాప్టర్లు, కానీ అది పొడవు జూమ్ లెన్సు మీద బాగా పనిచేస్తుంది, 50 మీద అంత ఉపయోగం లేదు.

నీ 700డికి మ్యాజిక్ లాంటర్న్ అని కెమెరాలో వేసుకునే సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో ఫోకస్ స్టాకింగ్ ఉంటుంది, కెమెరానే లెన్సు మోటారుని అడుగు అడుగు కదుపుతూ తీసుకుంటుంది. అది కంపెనీవాళ్లది కాదు, పెట్టుకునే ముందు సూచనలు పూర్తిగా చదువుకో. అది భయమనిపిస్తే లాప్‌టాప్‌కి వైరు పెట్టి, అక్కడి నుంచి కెమెరాని నడిపే డిజికామ్ కంట్రోల్ వాడు, విండోస్‌లో ఫ్రీ.

మాక్రో మావ (విజయనగరం)

రైలు, రింగు గొడవకి నా మాట: 1:1 దాకా రింగే. రైలు మీద కెమెరా మొత్తం ముందుకి కదులుతుంది, అంటే చూసే చోటు మారుతుంది, ముందున్న కేసరం వెనకున్న రేకుని కప్పే తీరు ఫ్రేము ఫ్రేముకీ మారుతుంది. పూల లాంటి లోతైన వాటికి అది పెద్ద తలనొప్పి. రెండింతలు, మూడింతలు పెద్దది చేసినప్పుడు మాత్రం రింగు కదలిక చాలా మొరటుగా ఉంటుంది, అప్పుడు రైలు తప్పదు. చవక రైళ్లలో స్క్రూ వెనక్కి తిప్పితే కాసేపు ఏమీ కదలదు, ఆ వదులు ఉంటుంది. కాబట్టి ఎప్పుడూ ఒకే దిక్కులో తిప్పాలి, ముందు నుంచి వెనక్కి.

బారువ గాలి (బారువ)

రింగు చేత్తో తిప్పేటప్పుడు ఒక చిట్కా. రింగు చుట్టూ తెల్ల కాగితం పట్టీ అంటించి పెన్సిల్‌తో గీతలు పెట్టుకో, గీతకి ఒక ఫ్రేము. లైవ్ వ్యూలో పెట్టి 2 సెకన్ల టైమరు, లేదా రిమోటు. చెయ్యి తీశాక కెమెరా ఆగాలి కదా.

జీడితోట (కవిటి)

కాగితం పట్టీ ఐడియా సూపర్ అన్నా. నా డి5600లో ఆటోమేటిక్‌గా తీసే ఆప్షన్ లేదు కదా?

నాగావళి (శ్రీకాకుళం)

లేదు. నికాన్‌లో ఫోకస్ షిఫ్ట్ అనే పేరుతో అది 2017లో డి850తో వచ్చింది. నేను వాడేది ఒలింపస్ ఈఎం10 మార్క్ 2, 2015 మోడల్, చిన్న బాడీయే గానీ అందులో అదే పని చేసే ఫోకస్ బ్రాకెటింగ్ ఉంది, 999 ఫ్రేముల దాకా. కెనాన్‌లో ఆర్‌పీతో 2019లో మొదలైంది, సోనీవాళ్లు ఏ7ఆర్ 5 దాకా ఆగారు. నా ఒలింపస్‌లో అడుగు సైజు 1 నుంచి 10 వరకు అని నంబర్లుంటాయి, అవి మిల్లీమీటర్లు కాదు, ఆ లెన్సుకీ అపర్చర్‌కీ తగ్గట్టు మారేవి. నేను పూలకి 3 లేదా 4 పెడతా. ఎక్కువ ఫ్రేములు వస్తే పారెయ్యొచ్చు, తక్కువైతే ఏమీ చెయ్యలేం.

మొదటి ఫోకస్ మాత్రం కేసరం కొస మీద కాదు, దానికన్నా కొంచెం ముందు ఖాళీలో పెట్టండి. కొస మీద మొదలుపెడితే కొస ఎప్పుడూ ఓ వెంట్రుకవాసి మెత్తగానే వస్తుంది.

కోడ్ కుర్రోడు (ఆమదాలవలస, ప్రస్తుతం బెంగళూరు)

కలపడం గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను మొదలెడతా. ఫోటోషాప్ ఆటో బ్లెండ్ పది పన్నెండు ఫ్రేములకి పర్వాలేదు, కేసరాల్లాంటి సన్న వాటి దగ్గర తడబడుతుంది. స్టాక్ కలపడానికే ఉన్న హెలికాన్ ఫోకస్ సాఫ్ట్‌వేర్‌లో ఏ, బీ, సీ అని మూడు పద్ధతులుంటాయి. బీ లోతు మ్యాపు వేసుకుని కలుపుతుంది, రేకుల మీది రంగు, నునుపు బాగా నిలబెడుతుంది, కానీ ఒకదాన్ని ఒకటి దాటుతున్న కేసరాల దగ్గర తప్పులు చేస్తుంది. సీ పిరమిడ్ పద్ధతి, సన్నటి దారాలన్నీ పట్టుకుంటుంది గానీ కాంట్రాస్టు, నాయిస్ పెంచేస్తుంది, తెల్ల రేకు కాస్త మురికిగా కనిపిస్తుంది. అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ జెరీన్ స్టాకర్‌లో ఈ బీ, సీలే డీమ్యాప్, పీమ్యాక్స్. పనికొచ్చే దారి రెండూ చేసి పెట్టుకోవడం, డీమ్యాప్ ఫోటోని అడుగున పెట్టి కేసరాల దగ్గర మాత్రం పీమ్యాక్స్ నుంచి బ్రష్‌తో తెచ్చుకోవడం.

ఫ్రీ కావాలంటే హ్యూగిన్ వేసుకోండి, దాంతో పాటు వచ్చే అలైన్ ఇమేజ్ స్టాక్‌తో సర్ది, ఎన్‌ఫ్యూజ్‌తో కలపాలి. ఎన్‌ఫ్యూజ్ మామూలుగా ఎక్స్‌పోజర్లు కలపడానికి సెట్ అయి ఉంటుంది, అలాగే వదిలేస్తే అంతా మసకే. ఎక్స్‌పోజర్ వెయిట్ సున్నా, శాచురేషన్ వెయిట్ సున్నా, కాంట్రాస్ట్ వెయిట్ ఒకటి, హార్డ్ మాస్క్ ఆన్. ఈ నాలుగూ మార్చాకే నడపండి.

జీడితోట, నీ లాప్‌టాప్ ర్యామ్ ఎంత? 24 మెగాపిక్సెల్ ఫోటో 16 బిట్ టిఫ్ చేస్తే ఒక్కోటి 144 ఎంబీ, ముప్పై ఫైళ్లంటే నాలుగు జీబీ దాటుతుంది. 8 జీబీ మెషీనైతే 8 బిట్‌కి మార్చుకో, లేదా రంగులన్నీ ముందే రా (RAW) ఫైళ్లలో సరిచేసి జేపెగ్‌లు ఇచ్చెయ్యి.

తుమ్మిపువ్వు (విజయనగరం)

రా ఫైళ్లలో ఏ సవరణ చేసినా అన్ని ఫ్రేములకీ ఒకేలా చెయ్యాలి, ఇది చెప్పడం మర్చిపోయారు. తీసేటప్పుడు కూడా మాన్యువల్ ఎక్స్‌పోజర్, ఆటో ఐఎస్ఓ ఆఫ్, వైట్ బ్యాలెన్స్ ఒకే దగ్గర. ఇంట్లో ఎల్ఈడీ లైటు కింద తీసేవాళ్లకి ఇంకో మెలిక: చవక బల్బులు మన 50 హెర్ట్జ్ కరెంటుకి సెకనుకి వందసార్లు మిణుకుతాయి. షట్టర్ 1/250 లాంటిది పెడితే ఒక ఫ్రేము వెలుగుగా, పక్కది చీకటిగా వస్తుంది, సైలెంట్ షట్టర్‌లో అయితే అడ్డంగా చారలే. 1/50 లేదా 1/100 పెట్టండి.

పాత స్టూడియో (బొబ్బిలి)

వెలుగు సంగతి వచ్చింది కాబట్టి. ఫ్లాష్ గానీ లైటు గానీ నేరుగా వెయ్యకండి, జీడిపువ్వు రేకు మీద తడి మెరుపు తెల్లగా పేలిపోతుంది, స్టాక్‌లో ఆ మెరుపు ఫ్రేము ఫ్రేముకీ ఆకారం మార్చుకుని మచ్చలుగా మిగులుతుంది. నేను డిఫ్యూజర్‌గా పొందూరు ఖద్దరు ముక్క వాడతా, సన్న నూలుది, రెండు మడతలు. వాలుగ చేప దవడతో దూది ఏకి వడికిన నూలు, అంత సన్నటి తెలుపు ప్లాస్టిక్ షీట్లలో రాదు. నవ్వుకుంటే నవ్వుకోండి.

ఖాళీ పర్సు (నెల్లిమర్ల)

ఖద్దరు ఖరీదు లెన్స్ కన్నా ఎక్కువేమో గురువు గారూ 😀 ఫోన్‌తో కూడా స్టాక్ అవుతుందా, అది కూడా చెప్పండి.

కోడ్ కుర్రోడు (ఆమదాలవలస, ప్రస్తుతం బెంగళూరు)

ఆండ్రాయిడ్‌లో ఓపెన్ కెమెరా యాప్ ఫ్రీ, సెట్టింగుల్లో కెమెరా 2 ఏపీఐ ఆన్ చేస్తే, నీ ఫోన్ మాన్యువల్ ఫోకస్ ఒప్పుకునేదైతే, ఫోకస్ బ్రాకెటింగ్ కనిపిస్తుంది. మొదలు, చివర, ఎన్ని ఫోటోలు అని పెట్టి వదిలెయ్యడమే. ఫోన్ సెన్సారు చిన్నది కాబట్టి లోతు ముందే ఎక్కువ, ఏడెనిమిది చాలు. ఫోన్ కదలకుండా స్టాండు మాత్రం కావాలి.

జీడితోట (కవిటి)

అందరికీ థాంక్స్. రాలిన పూలతో మొదలుపెట్టా. ఎఫ్/5.6 లెక్కన, అంటే నా స్క్రీన్ మీద 11, ఐఎస్ఓ 200, కిటికీ వెలుతురు, రింగు మీద కాగితం పట్టీ. డబుల్ కేసరం పోయింది, పట్టీలు పోయాయి. జెరీన్ ట్రయల్‌లో రెండు పద్ధతులూ చేసి కేసరం పీమ్యాక్స్ నుంచి తెచ్చా. మావ చెప్పినట్టు వెనక రెండు రేకుల ఫ్రేములు వదిలేసి కూడా ఒకటి చేశా, నిజం చెప్పాలంటే అదే బాగుంది. మేడమ్, కీలం ఉన్న పువ్వు రాలినవాటిలో దొరకలేదు, చెట్టు మీదే తీయాలి.

కొత్తగా రెండు సమస్యలు. బ్యాక్‌గ్రౌండ్‌లో చిన్న చిన్న నల్లచుక్కలు గొలుసుల్లాగా వరసగా వస్తున్నాయి. ఫోటో అంచుల్లో అద్దంలో ప్రతిబింబంలా చారలు కూడా. చెట్టు మీద తీసిన స్టాక్‌లో అయితే ఒకే ఎర్రచీమ ఐదు చోట్ల కూర్చుంది.

మాక్రో మావ (విజయనగరం)

నల్లచుక్కల గొలుసు అంటే సెన్సారు మీద దుమ్ము. ఫోకస్ మారుతుంటే బొమ్మ సైజు కొంచెం కొంచెం మారుతుంది, సాఫ్ట్‌వేర్ ప్రతి ఫ్రేమునీ సాగదీసి సర్దుతుంది, ఆ సర్దుబాటులో దుమ్ముచుక్క కూడా ప్రతిసారీ కొంచెం జరుగుతుంది. ఒక్క చుక్క ముప్పై ఫ్రేముల్లో గొలుసవుతుంది. బ్లోయర్‌తో ఊది సెన్సారు శుభ్రం చెయ్యి, నోటితో ఊదకు. అంచు చారలు కూడా ఆ సాగదీత వల్లే, చిన్నగా ఉన్న ఫ్రేముల బయట బొమ్మ లేక సాఫ్ట్‌వేర్ కల్పించింది. తీసేటప్పుడే పువ్వు చుట్టూ నాలుగు వైపులా జాగా వదిలి తర్వాత కత్తిరించుకో.

చీమకి జెరీన్‌లోనే రీటచింగ్ ఉంది. ఐదింటిలో ఏ చీమ బాగుందో దాన్ని ఉంచి, మిగతా నాలుగు చోట్ల చీమ లేని ఫ్రేముని మూలంగా పెట్టుకుని బ్రష్ తిప్పు. మిగిలిన కొద్దిపాటి పొగ అంచు కూడా అలాగే పోతుంది, కేసరం మీద ఫోకస్ ఉన్న ఫ్రేము నుంచి వెనక మసకని తెచ్చి అంచు దాకా పులమాలి.

తుమ్మిపువ్వు (విజయనగరం)

కీలం ఉన్న పువ్వుకి పొద్దున్నే చెట్టు దగ్గరే ప్రయత్నించండి, గుత్తిలో కీలం కనిపించేవి ముందే చూసి దారం కట్టి గుర్తుపెట్టుకుంటే వెతుకులాట ఉండదు. ఎర్రచీమలు ఆకులు కుట్టి గూడు కట్టిన కొమ్మ వదిలెయ్యండి, కుడతాయి. ఇంకో మాట, తేమకి లెన్స్ లోపల బూజు పడుతుంది, సముద్రం పక్కన ఉంటున్నారు కాబట్టి గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి.

జీడితోట (కవిటి)

దారం కట్టేశాను మేడమ్, మూడు గుత్తులకి. గాలి లేకపోతే ఎల్లుండి పొద్దున్న తీస్తా. డబ్బా మా అమ్మ వంటింట్లోంచి ఇవ్వనంటోంది, కొత్తది కొనాలి.